సెల్వి రేకుపెట్టె వెంట విరుదునగర్ దాకా

విరుదునగర్ వెళ్లొచ్చానంటే మా వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, ఏ గుడి చూశావని. ఏ గుడీ చూడలేదు. అరవై ఏడు వస్తువులను కోవిల్‌పట్టి పక్కనున్న ఒక పల్లె నుంచి విరుదునగర్‌కు చేర్చి వచ్చాను. అన్నీ క్షేమంగా చేరాయని కాగితం మీద ఉంది. కాగితం మీద లేనిది ఎవరికైనా చెప్పకపోతే నా మనసు కుదుటపడేట్టు లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పయ్యేళ్లు హైదరాబాదులో ఒక మ్యూజియంలో పనిచేసి రిటైరైన మనిషిని. పాత వస్తువులను తుడిచి, చుట్టి, పెట్టెలకెత్తి, చిట్లకుండా చిరగకుండా ఇంకోచోటికి చేర్చడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగంతోపాటు చాదస్తమూ అంటుకుంది. ఇల్లు మారేటప్పుడు పింగాణీ కప్పులను వార్తాపత్రికలో చుట్టిందని మా చెల్లెలితో నెల రోజులు మాట్లాడలేదు. అలాంటిదాన్ని నమ్మి జ్ఞానదాసు మాస్టారు ఫోన్ చేశారు. ఆయన కోవిల్‌పట్టి పక్కనున్న ఆ పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. అగ్గిపెట్టెల, బాణసంచా పనివాళ్ల ఇళ్ల నుంచి పాత సామాను పోగుచేసి, ఊరి ప్రార్థన మందిరం వెనక ఒక గదిలో పెట్టుకున్నారు. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ గది గోడ మీద ఎర్రరంగు గీత కొట్టి వెళ్లారట. విరుదునగర్‌లో ఒక పాత బడివాళ్లు రెండు గదులిస్తామన్నారు, సామాను ఎట్లా చేర్చాలో వచ్చి చూపించమని అడిగారు. తెలుగులోనే అడిగారు. ఆ తెలుగు అందుకోవడానికి నేను రెండుసార్లు "ఏమండీ?" అనాల్సి వచ్చింది.

మధురై నుంచి రైలు

మధురైలో ఎక్కిన పాసింజరు బండిలో ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. చెవులకు బరువైన కమ్మలు, ఒళ్లో ఎండుమిరపకాయల సంచి. నేను ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే చెవి ఇటే వేసి వింది. ఫోన్ పెట్టగానే, మీ తెలుగు సినిమా తెలుగు మాదిరి ఉండాదే, ఏ పక్కము మీది, అని అడిగింది. ఆవిడ పుట్టిల్లు కారియాపట్టి దగ్గర, మెట్టినిల్లు కోవిల్‌పట్టి అవతల. నల్లరేగడి భూములు. వానపడితే మినుము, పత్తి, మొక్కజొన్న, పడకపోతే ఆకాశం వంక చూడటం. వాళ్ల పెద్దలు తెలుగుదేశం నుంచి ఎప్పుడొచ్చారో ఆవిడకు తెలియదు, ఎందుకొచ్చారో అసలే తెలియదు. ఇంటి గడప దాటితే తమిళం, లోపలికొస్తే తెలుగు అని చెప్పింది.

పొలంపనికి మనుషులు దొరకడం లేదని తిట్టుకుంది. పొద్దున్నే బండ్లు వచ్చి అందరినీ ఆపీసుకు ఎత్తుకుపోతాయట. ఇంతమందికి ఆఫీసు ఉద్యోగాలున్న ఊరా అని నేను మనసులో మెచ్చుకున్నాను. కుర్చీ, బల్ల, ఫ్యాను ఊహించుకున్నాను. ఆవిడ నా మొహం చూసి నవ్వింది. అక్కడ ఆపీసంటే అగ్గిపెట్టెల కార్ఖానా, టపాసుల కార్ఖానా. కాలిన చేతులతో ఇంటికొచ్చినా ఆపీసు నుంచే వచ్చినట్టు.

కోవిల్‌పట్టి

కోవిల్‌పట్టి స్టేషను బయట పల్లీపట్టి అంగళ్లు వరుసగా ఉన్నాయి. మన దగ్గర పల్లీపట్టి అంటే పళ్లకు పరీక్ష. ఇక్కడిది పలచగా, పైన రంగేసిన కొబ్బరి తురుముతో, నోట్లో వేసుకుంటే ఇట్టే విరుగుతుంది. నేను రుచి చూస్తూనే అంగడివాడు పొట్లం కట్టే తీరు చూశాను. నాలుగు మడతలు, ఒక్క ముడి, ఎక్కడా గాలి చొరదు. ఈ పక్క మనుషుల చేతుల్లోనే సర్దే విద్య ఉందనిపించి నాకు ధైర్యం వచ్చింది.

మాస్టారు డెబ్బై దాటిన సన్నటి మనిషి. సైకిలు మీద వచ్చి, దాన్ని స్టేషను దగ్గరే వదిలేసి, నాతో బస్సెక్కారు. ఏళాయిరంపన్నై దారిలో ఆయన పల్లె. గదిలో వస్తువుల కింద చీటీలన్నీ తమిళంలో ఉన్నాయి. మీరంతా తెలుగువాళ్లే కదా, ఒక్క చీటీ అయినా తెలుగులో లేదేమని అడిగాను. అడగడం కాదు, కొంచెం నిష్ఠూరంగానే అన్నాను.

"మాటే మాది అమ్మా, ఎళుత్తు తమిళుది," అన్నారాయన. "మా తాత కాలం తొట్టు ఈడ ఎవురికీ తెలుగు సదవను రాదు."

తొట్టు అంటే నుంచి, ఎళుత్తు అంటే అక్షరం. ఆ మాట ఆయన చెప్పారు, నేను విన్నాను, తల కూడా ఊపాను. ఇది గుర్తుపెట్టుకోండి.

గదిలో అగ్గిపుల్లలు పేర్చే చెక్క చట్రాలున్నాయి. పసిపిల్లలు కూర్చుని పనిచేసిన జానెడెత్తు పీటలున్నాయి, వాటిని చూసి నేను కాసేపు బయటికెళ్లి నిలబడ్డాను. పాత అగ్గిపెట్టెల బొమ్మకాగితాలు, పేలుడు మందు కొలిచే రేకు గిద్దెలు, మూత ఊడిన టిఫిను గిన్నెలు. చివరి మూలలో ఉన్నవి టపాసుల ఆపీసుల్లో కాలిపోయినవాళ్ల సామాను, ఇళ్లవాళ్లు ఇచ్చినవి. ఒక జత చెప్పులు, ఒక దువ్వెన, ఒక రేకుపెట్టె.

మాడత్తి

ఆ రోజు శుక్రవారం. రేకుపెట్టె ముందు ఒకావిడ గొంతుకు కూర్చుని ఉంది. పేరు మాడత్తి. యాభై ఐదో అరవయ్యో. ప్రతి శుక్రవారం వస్తుందని, పెట్టె తెరిచి కాసేపు చూసి మూసి వెళ్తుందని మాస్టారు చెప్పారు. ఆ పెట్టె ఆవిడ కూతురు సెల్విది. ఇంట్లో వాన కారుతుందని, ఎలుకలు తిరుగుతాయని ఇక్కడ దాచమని ఇచ్చింది.

నన్ను కూర్చోమని సైగచేసి మూత ఎత్తి చూపించింది. మూత లోపల ఆకుపచ్చ రంగు. ఆ రంగు మీద వెండిలా మెరుస్తూ ఒక అరచేయి. ఐదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. చిటికెన వేలు కొంచెం వంకర. సెల్వి పని టపాసుల్లో వేసే వెండి పొడి, అంటే అల్యూమినియం పొడి, జల్లించడం. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, చేతులు కడుక్కోకుండానే పెట్టె తెరిచి, ఒక చేత్తో మూత ఎత్తిపట్టుకుని రెండో చేత్తో చీర తీసుకుంది. తల్లి కేకలేసింది. మూడు రోజుల తర్వాత షెడ్డు పేలింది. ఎనిమిదేళ్లయింది.

నేల మీద రాలిన మందును ఎవరూ తుడవలేదట. దాని మీదుగా ఎవరో పెట్టె ఈడ్చారట. రాపిడికి అంటుకుంది.

"అది నా బిడ్డ చెయ్యి," అంది మాడత్తి. "ఒళ్లు నాకి ఇయ్యలేదు, మూట ఇచ్చిరి. ఆ మూటలో ఎవురెవురు ఉండారో."

ముప్పయ్యేళ్లలో నేను రాజుల కత్తులు మోశాను, వెయ్యేళ్ల శిల్పాలు మోశాను. చేతులు వెనక్కి కట్టుకుని చూసింది దీన్నొక్కదాన్నే. ఆ పొడి రంగుకు గట్టిగా పట్టి లేదని చూడగానే తెలిసింది. గట్టిగా రుద్దితే పోతుంది, తడిగుడ్డ తగిలితే అసలే ఉండదు. ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను, కొలతలు రాసుకున్నాను. పెట్టె పోవడం మాడత్తికి ఇష్టం లేదు, గది కూల్చేస్తారు కాబట్టి వేరే దారీ లేదు. బద్రంగా పోతాదా అని అడిగింది. నాది పూచీ అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా అనాల్సింది కాదు.

సర్దుడు

మర్నాడు సర్దడానికి మాస్టారు ముగ్గురు ఆడవాళ్లను పిలిపించారు. ముగ్గురూ టపాసుల ఆపీసులో పెట్టెలు సర్దేవాళ్లు, ఆదివారం కలిపి రెండు రోజులు నాకు దొరికారు. వాళ్లలో పెద్దది పేచ్చియమ్మ. అందరూ పేచ్చి అంటారు. సెల్వితో ఒకే బండిలో పనికి పోయేది, పేలిన రోజు పక్క షెడ్డులో ఉండి బతికింది.

గదిలోకి రాకముందే పేచ్చి చెప్పులు విప్పింది. తర్వాత కాలిమెట్టెలు తీసి కొంగున ముడేసుకుంది, జడలో పిన్నులు తీసింది, గాజులు తీసింది. నీళ్ల బకెట్టు ఏ మూల పెట్టారని నన్నడిగింది. లోహం నేలకు రాసుకుంటే నిప్పు పుడుతుందని ఇరవయ్యేళ్లుగా ఒంటికి పట్టిన పాఠం. ఇక్కడ మందు లేదు తల్లీ అంటే నవ్వింది కాని మెట్టెలు మళ్లీ పెట్టుకోలేదు. నేను మురిసిపోయాను. మా మ్యూజియంలో ఉంగరాలు తీసి వస్తువు ముట్టుకోండర్రా అని మొత్తుకున్నా ఒక్కడూ విన్న పాపాన పోలేదు. ఇక్కడ అడక్కుండానే తీస్తున్నారు.

ఆ చేతులు పనిచేస్తుంటే చూడాలి. చెక్క చట్రాన్ని కాగితంలో చుట్టి, మూలలకు గుడ్డ కుక్కి, దారంతో కడితే ఊపినా చప్పుడు రాదు. ప్రతి వస్తువునూ పెట్టెలో దించేముందు పేచ్చి నడుముకు దోపుకున్న తడిగుడ్డ తీసి పెట్టె లోపలంతా ఒకసారి తుడిచేది. కన్ను వేరేచోట ఉన్నా చెయ్యి ఆ పని చేసేది. నేను అందరికీ చెప్పిన సూత్రమూ అదే. పెట్టెలో దుమ్ము రవ్వంత కూడా మిగలకూడదు, దుమ్ముంటే చెమ్మ చేరుతుంది, చెమ్మ చేరితే బూజు పడుతుంది అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లు బుద్ధిగా విన్నారు.

రేకుపెట్టె సంగతి వేరు కాబట్టి దానికి వేరే ఏర్పాటు చేశాను. మందపాటి అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, నూలుదారంతో దాని పిడికి కట్టాను: మూత లోపల తుడవకండి, తాకకండి. పొద్దున్నుంచి చుట్టూ తెలుగే వింటున్నాను. నవ్వులు తెలుగు, తిట్లు తెలుగు, కాఫీ తెమ్మన్న కేక తెలుగు. చెయ్యి తెలుగులోనే రాసింది. మాస్టారు అప్పుడు బండి మాట్లాడటానికి వెళ్లారు. ఆయన ఉండుంటే చూసేవారు.

శివకాశి

రెండో రోజుకు తెల్లకాగితం అయిపోయింది. అచ్చుపడని కాగితమే కావాలి నాకు, సిరా ఉన్నది పనికిరాదు. శివకాశిలో అచ్చాఫీసులు బోలెడు, ముక్కలు దొరుకుతాయంటే నేనే బస్సెక్కాను. ఎవరినైనా పంపితే పాత క్యాలెండర్లు తెస్తారని భయం. ఆ భయమే నన్ను ఆ రోజు గదిలో లేకుండా చేసింది.

ఆదివారం కాబట్టి బస్సు నిండా బజారుకు పోయే టపాసుల పనివాళ్లే. నా పక్కనున్నామె గోళ్ల చుట్టూ వెండి మెరుపు. చేతులు కడిగినా పోదా అని అడిగాను. కొబ్బరినూనె రుద్ది, సబ్బుతో కడిగి, మళ్లీ నూనె రుద్దాలట. అన్నం కలిపితే అన్నానికి అంటుతుందని చెంచాతో తింటుందట. మామూలుగా చెప్పింది, చారులో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు. ఆదివారమైనా తెరిచి ఉన్న ఒక అచ్చాఫీసులో మంచి కాగితం దొరికింది. శివకాశిలో దిగే హడావిడిలో గొడుగు బస్సులోనే వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది. వెతుక్కుంటూ బస్టాండులో గంట తిరిగాను.

నేను పల్లె చేరేసరికి సాయంత్రమైంది. పని మొత్తం అయిపోయింది. నేను తెచ్చిన కాగితం అవసరమే పడలేదు, ఉన్న గుడ్డలతో సరిపెట్టేశారు. రేకుపెట్టెను లోపల మెత్తగా నింపి, మూత కదలకుండా చుట్టూ కట్టి, పైన రెండు పొరల దుప్పటి చుట్టి పెట్టారు. నా అట్టముక్క మాత్రం దుప్పటి బయటికి వేలాడుతోంది. ముడులు చూసి పేచ్చి భుజం తట్టాను. విప్పి చూద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఇంత చక్కగా కట్టినదాన్ని మళ్లీ విప్పితే అదే ప్రమాదమని నా చదువు చెప్పింది. విప్పలేదు.

విరుదునగర్

సోమవారం పొద్దున బయల్దేరాం. బండివాడికి నేను గంటకు పాతిక కిలోమీటర్లు దాటొద్దని చెప్పాను. అతను నా వైపు చూసి, పెళ్లికూతుర్ని తీసుకుపోతుండామా అని మాస్టారిని అడిగాడు. మాడత్తి ముందు సీటులో కూర్చోనంది. వెనక సామాను మధ్యన, రేకుపెట్టె పక్కన చోటు చేసుకుని, దారి పొడుగునా దుప్పటి మీద చెయ్యి వేసి ఉంచింది. వస్తువులు దించడానికి పేచ్చి కూడా ఆ పూటకు ఆపీసు మానుకుని వచ్చింది. గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి పెట్టెను పట్టుకునేవాళ్లు.

విరుదునగర్ చేరి సామాను దించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఏదీ పగల్లేదు. మాస్టారు సంతోషం పట్టలేక అందరికీ నూనె పరోటా పెట్టించారు. మన పరోటా పెనం మీద కాలుతుంది. ఇక్కడిది మరిగే నూనెలో పూర్తిగా మునిగి, కరకరలాడుతూ వస్తుంది. ముక్కలు చేసి పైన పులుసు పోసి ఇస్తారు. నాకు కడుపులో మండింది కాని రెండోది కూడా తిన్నాను. ఇంట్లో పోపులోకి కూడా చెంచాతో కొలిచి పోసుకునే నూనె, ఇక్కడ ఊరంతా ఇట్లా తాగుతుందా అని పేచ్చిని అడిగితే, మేమూ ఏడాదికొకసారే తింటామని నవ్వింది. మాడత్తి తన దాంట్లో సగం తీసి పేచ్చి ఆకులో వేసింది. ఆ నాలుగు రోజుల్లో నేను నవ్విన గంట అదొక్కటే.

భోజనమయ్యాక ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాం. నేను జాబితా చదువుతుంటే మాస్టారు టిక్కు పెట్టారు. రేకుపెట్టె ముందు విప్పమని మాడత్తి అడగలేదు. తన వరుస వచ్చేదాకా గోడకానుకుని కూర్చుంది. వరుస వచ్చాక పేచ్చి ముడులు విప్పి, దుప్పటి తీసి, పక్కకు జరిగింది. మాడత్తి మూత ఎత్తింది.

మూత లోపల శుభ్రంగా ఉంది. ఆకుపచ్చ రంగు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఒక మూల మాత్రం గుడ్డ తిరిగిన గీత వెండిగా, వెంట్రుకంత సన్నగా మిగిలింది.

మాడత్తి ముఖం పెట్టెలోకి వంచి, వెలుతురు పడేట్టు మూతను అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడు పేచ్చికి అర్థమైంది. ఆ పెట్టె లోపల ఏముందో ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. మాడత్తి శుక్రవారం వెళ్లి చూసేది పెట్టెనేనని అనుకుంది. ఊరిలో చాలామంది అంతే అనుకున్నారు.

"లోపల మందు ఉండె," అంది పేచ్చి. "మూత మూసేముందు తుడిస్తిని. పెట్టెలో మందు ఉంటే మూయకూడదు గదా అక్కా."

నేను పిడికి వేలాడుతున్న అట్టముక్కను పట్టుకుని, ఇది చూడలేదా అన్నాను. నా గొంతులో కోపం ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పేచ్చి అట్టముక్క వైపు చూసి, జాబితాలో నంబరనుకున్నానని చెప్పింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని అది చూశారు. మొదటిరోజు ఆయన చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

తప్పు నాదని చెప్పాను. అందరి ముందూ, మాడత్తి కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. ఫోన్ తీసి నేను తీసిన ఫోటో చూపించాను, దీన్ని పెద్దదిగా అచ్చు వేయించి మూతలో పెడదామన్నాను. మాడత్తి ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. ఎనిమిదేళ్లుగా చెరిగిపోతుందని ఆ ముద్రను ఆవిడ ఒక్కసారీ ముట్టుకోలేదు. ఇప్పుడు బొటనవేలితో ఆ వంకర చిటికెన వేలును తాకింది. తాకగానే బొమ్మ పక్కకు జారిపోయి, నా మనవరాలి పుట్టినరోజు ఫోటో వచ్చింది. ఫోన్ నాకు తిరిగి ఇచ్చేసింది.

పేచ్చి నేలకు తల ఆనించి ఏడుస్తోంది. మాడత్తి ఆమె తడిగుడ్డ తిప్పిన చెయ్యి పట్టుకుని లేపింది.

"మందు కనపడితే తుడవాల," అంది. "ఆ దినం ఎవురూ తుడవలేదు గదా."

ఆ మాటలో దెప్పు లేదు. ఉండుంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. తర్వాత నా వైపు తిరిగి, అట్టముక్కలో ఏమి రాసిండావని అడిగింది. చదివాను. ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను. దాన్ని పిడి నుంచి విప్పి, రెండు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది. మాస్టారు కింద తమిళంలో కూడా రాసిస్తానన్నారు. ఇంక తుడిసేకి ఏముండాది అంది. పెట్టె మూసింది. పేచ్చిని పిలిచి, కోవిల్‌పట్టి బస్సుకు టైమైందని, ఆమె చెయ్యి వదలకుండానే మెట్లు దిగింది.

ఇంటికొచ్చాక

అచ్చు వేయించిన ఫోటో మాస్టారికి పంపాను. మాడత్తి శుక్రవారాలు విరుదునగర్ వస్తోందా అని ఫోన్‌లో అడిగాను. రావడం లేదట.

సామాను జాబితాలో ప్రతి వస్తువుకూ రెండు గళ్లుంటాయి. ప్రయాణానికి ముందు ఎట్లా ఉంది, తర్వాత ఎట్లా ఉంది. నింపి సంతకం చేసి పంపడం నా పని. అరవై ఆరింటికి బాగుంది అని రాశాను. రేకుపెట్టె రెండో గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలి పంపాను. వారం తర్వాత విరుదునగర్ బడి నుంచి ఒకాయన మర్యాదగా ఫోన్ చేసి, పెట్టెకు ఎక్కడైనా సొట్ట పడిందా అమ్మా అని అడిగాడు. లేదన్నాను. తుప్పు? లేదు. రంగు రాలిందా? లేదు, రాల్లేదు అన్నాను. అయితే బాగుంది అని ఆయనే రాసుకున్నాడు.